గైడుగారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ గైడుగారికి, ఒక తెలుగు మాస్టారు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

తమరి దయవల్ల మా పిల్లలు కథ చదవకుండానే కథను విశ్లేషించేస్తున్నారు. ‘మీ సొంత మాటల్లో రాయండి’ అంటే ఆ సొంత మాటలు కూడా తమరే సప్లై చేస్తున్నారు. అందుకే క్లాసంతటి సొంత మాటల్లోనూ ఒకటే అచ్చుతప్పు.

గురజాడ ‘దిద్దుబాటు’నే తీసుకోండి. ‘తొలి తెలుగు కథ, 1910’ అని బాక్సు కట్టి ఒక మార్కు రాసిచ్చారు. 1902లోనే భండారు అచ్చమాంబ ‘ధన త్రయోదశి’ వచ్చిందన్న తగవు బాక్సులో పట్టలేదు కాబోలు. పోనీండి, ఆ పంచాయితీ ఇప్పుడెందుకు.

సారాంశం మాత్రం భేష్. సాని పాటకు మరిగి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావు, ఉత్తరం పెట్టి మంచం కింద దాక్కున్న కమలిని, పశ్చాత్తాపం, నవ్వు, శుభం. పాత్ర స్వభావం: ‘దయగలవాడు, స్త్రీవిద్యాభిమాని.’

మరి నౌకరు రాముడి వీపు మీద పడ్డ వీశగుద్దు ఏమైందండీ? పెళ్లాం కనపడలేదన్న ఉక్రోషం అయ్యగారిది, వీపు రాముడిది. వాడు కూలబడ్డాక, గోపాలరావు దయగల మనిషేనంటాడు గురజాడ, ఏమీ ఎరగనట్టు. ఆ గుద్దునూ ఆ మాటనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే కదా చురుక్కుమనేది! తమరు గుద్దు ఎత్తేసి, దయ ఒక్కటే ఉంచి, దానికి రెండు మార్కులు వేయించారు.

మొన్న ఒక పిల్ల లేచి, “గుద్దు తిని రాముడు అరిచాడు కదా సార్, మంచం కింద ఉన్న అమ్మగారికి వినపడలేదా?” అంది. తమరిని అట్ట నుంచి అట్ట దాకా తిరగేశాను. లేదు. వెనక బెంచీవాడు మాత్రం “ఇది ఇంపార్టెంటా సార్?” అంటూ పెన్ను తీశాడు.

వినపడే ఉంటుంది. మరి ఎందుకు బయటికి రాలేదు? మొగుడికి బుద్ధి చెప్పే నాటకం చెడిపోతుందనా? నౌకరు తన్నులు తినడం ఆ ఇంట్లో మామూలేనా? బెల్లు కొట్టినా పిల్లలు వాదన ఆపలేదు. సిలబస్ వెనకబడింది. తమరికి కోపం వస్తుందని తెలుసు.

ఒకటే మనవి. ఆ ప్రశ్నను వచ్చే ఎడిషన్‌లోకి మాత్రం ఎక్కించకండి. పక్కన మూడు చుక్కలు పెట్టి, జవాబు కూడా తమరే రాసేస్తారు.

ఇట్లు,
తమ విధేయుడు