ముందు కుడి చక్రపు బేరింగు గారికి బహిరంగ లేఖ

రెండు ఉక్కు రింగుల నడుమ గుండ్లను పరిగెత్తించి చక్రాన్ని సాఫీగా తిరగనిచ్చే మహారాజశ్రీ ముందు కుడి చక్రపు హబ్ బేరింగు గారికి, కారు యజమాని నమస్కరించి వ్రాయునది. ఇన్నాళ్లూ కారును మోసింది తమరు, తమరి మోతను మోసింది నేను.

ఉభయకుశలోపరి. గంటకు 50 కిలోమీటర్లు దాటిన ప్రతిసారీ తమరి ఆరోగ్య పరిస్థితిని తమరే చాటి చెబుతూ వచ్చారు కనుక క్షేమసమాచారాలు విడిగా అడగకుండా నేరుగా ఫిర్యాదులోకి వస్తున్నాను. తమరు అరిచినందుకు నాకు ఆక్షేపణ లేదు. అరిగిన ఉక్కుకు అరిచే హక్కు ఉంటుంది. నా కుడి పాదానికి రెండడుగుల దూరంలో కూర్చుని అరుస్తూ, ఆ అరుపు వెనక సీటు కింద ఎడమ టైరు దగ్గర పుడుతున్నట్లు ఏడు నెలలపాటు నన్ను నమ్మించారే, ఈ లేఖ దాని గురించి.

మొదట తమరి పాపం టైర్ల నెత్తిన పడింది. ఎగుడుదిగుడుగా అరిగిన టైరు కూడా అచ్చం తమరిలాగే వేగంతోపాటు శ్రుతి పెంచుతూ హోరెత్తుతుంది కాబట్టి ఈ పొరపాటు ఎవరికైనా సహజమే. కానీ టైరు హోరు రోడ్డును బట్టి మారుతుంది, గరుకు సిమెంటు మీద పెరిగి కొత్త తారు మీద తగ్గుతుంది. తమరు ఏ రోడ్డునూ ఖాతరు చేయరు. విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే దారిలో నందిగామ చేరేలోపే ఈ తేడా నాకు తెలిసి ఉండవలసింది, రేడియో మోగుతూ ఉండటం వల్ల తెలియలేదు. ముందు టైర్లను వెనక్కీ, వెనకవాటిని ముందుకీ మార్పించాను. మోత ఉన్నచోటనే ఉంది. టైర్లదే దోషమైతే మోత కూడా వాటి వెంట వెళ్లాలి కదా అన్న ఇంగితం ఆ రోజు నాకు కలగలేదు. దుకాణం వారికి కలిగిందో లేదో తెలియదు గానీ, రెండు కొత్త టైర్లయితే అంటగట్టారు. వాటి వెనక బ్యాలెన్సింగు, దాని వెనక అలైన్‌మెంటు, ఆ పైన గేరుబాక్సు ఆయిలు వరసగా వచ్చాయి. మా బావమరిది మాత్రం "కారన్నాక ఆ మాత్రం చప్పుడు ఉండదా బావా" అని ఓదార్చి, రేడియో ఇంకాస్త పెంచాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా!

అలాగని తమరిని ఎవరూ అనుమానించలేదని కాదు. ఒక గ్యారేజీలో కారును లిఫ్టు మీదికెత్తి, చక్రాన్ని పైనొక చేత్తో కిందొక చేత్తో పట్టుకుని ఊపి చూసి, "ప్లే, అంటే వదులు, ఏమీ లేదు సార్, బేరింగు బంగారం" అని తీర్పు చెప్పారు. కారు బరువు తమ మీద నుంచి దిగగానే తమరు కూడా మౌనవ్రతం పట్టి ఆ తీర్పును బలపరిచారు. చక్రం ఊగడమనేది తమరి రోగంలో చివరి దశ అనీ, గుండ్లు పరిగెత్తే దారిలో ఉక్కు పెచ్చులూడటం మొదలైన చాలా కాలానికి గానీ ఆ దశ రాదనీ, అందుచేత ఊగలేదంటే ఇంకా ఊగలేదని మాత్రమే అర్థమనీ ఆ తీర్పులో లేదు. జ్వరమొచ్చినవాడు లేచి నడుస్తున్నాడు కనుక జ్వరమే లేదనే వైద్యుడి దగ్గరికి మనం రెండోసారి వెళ్లం. గ్యారేజీకి మాత్రం వెళతాం, నేనూ వెళ్లాను.

చివరికి తమరిని పట్టుకున్నది ఆటోనగర్‌లోని ఒక పెద్ద మేస్త్రి గారు. ఆయన వెంటనే పానా ముట్టుకోలేదు. రేడియో, ఏసీ కట్టించి, అద్దాలు ఎత్తించి, పక్క సీట్లో కూర్చుని 70 దాకా పోనిమ్మన్నారు. అక్కడ న్యూట్రల్‌లో వేయించారు. ఇంజను నిమ్మళించింది, తమరు నిమ్మళించలేదు, ఆ విధంగా ఇంజను నిర్దోషిగా బయటపడింది. ఆ తరువాత వెనకా ముందూ ఎవరూ లేరని చూసుకుని, స్టీరింగును మెల్లగా ఎడమకు తిప్పమన్నారు. బరువు కుడివైపుకు ఒరిగింది, తమరి గొంతు లేచింది. కుడికి తిప్పగానే అది సన్నగిల్లింది. "కుడిదే" అన్నారాయన. రెండు వరసల గుండ్లున్న బేరింగులు ఒక్కొక్కసారి ఎదురు సాక్ష్యం చెబుతాయి కాబట్టి ఈ ఒక్క పరీక్షతో ఎవరినీ ఉరితీయకూడదని కూడా ఆయనే అని, షెడ్డుకు వచ్చాక జాకీ ఎక్కించి, ఒక చేత్తో సస్పెన్షన్ స్ప్రింగును పట్టుకుని రెండో చేత్తో చక్రం తిప్పారు. నా చేతిని కూడా ఆ స్ప్రింగు మీద పెట్టించారు. చెవికి దాదాపు ఏమీ వినిపించలేదు గానీ, ఇసుక పడిన తిరగలిని ఎవరో పక్క గదిలో తిప్పుతున్నట్లు వేళ్ల కింద ఉక్కుచుట్ట సన్నగా జివ్వుమంది. ఎడమవైపు స్ప్రింగులో ఆ జివ్వు లేదు. ఏడు నెలల ఖర్చు తేల్చలేని వ్యవహారం నిమిషంలోపు, నా వేళ్ల చివర తేలిపోయింది.

విప్పి చూస్తే తమరి లోపలి రింగు మీద చేపపొలుసుల్లా ఉక్కు లేచిపోయి ఉంది, గ్రీజు ఉండవలసిన చోట తుప్పు రంగు జావ ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు, మా కారు చక్రం నడిమి దాకా నీళ్లలో నిలబడిన సంగతి నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. తమరికి జీవితకాలానికి సరిపడా గ్రీజు నింపి సీలు వేశామంటారు. ఆ జీవితకాలం కారుదా, యజమానిదా అన్నది ఎక్కడా రాయరు. గ్రీజు చెడిన నాడు తమరి జీవితమూ ముగుస్తుంది కనుక ఆ మాట ఎప్పటికీ అబద్ధం కాదు. మా తాతగారి ఎడ్లబండి ఇరుసు కీచుమంటే, ఆముదమూ మసీ కలిపిన కందెన రాసేవారు, అది ఊరుకునేది. ఏ చక్రమని ఊరంతా వెతకవలసిన పని ఉండేది కాదు. అలాంటి బండి ఇరుసు కోసమే 1794లో వేల్స్‌లోని కార్మార్థెన్‌కు చెందిన ఫిలిప్ వాన్ గుండ్ల బేరింగుకు పేటెంటు పొందాడు. రాపిడి తగ్గించడానికి పుట్టిన వంశం తమరిది. నా ఇంట్లో ఈ ఏడు నెలలూ తమరి వల్ల రేగిన రాపిడి సంగతి ఆ వంశవృక్షంలో ఎక్కడ రాయించమంటారు?

తమరి వారసుడి ప్రవేశం మాత్రం శాస్త్రోక్తంగా జరిగింది. సుత్తి వాడలేదు. బయటి రింగును, తమరిని పట్టి ఉంచే నకిల్ అనే దిమ్మెలోకి దింపేటప్పుడు ప్రెస్సు బలమంతా బయటి రింగు మీదనే పడేలా, చక్రాన్ని బిగించే హబ్‌ను దింపేటప్పుడు లోపలి రింగుకు కింద ఆనిక ఉండేలా మేస్త్రి గారు చూసుకున్నారు, ఎందుకంటే ఆ బలం గుండ్ల మీదుగా పోతే కొత్త బేరింగు తొలిరోజే సొట్టలు పడి తమరి పాటే అందుకుంటుందట. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తాలూకు సెన్సారు చదివే అయస్కాంతపు వలయం ఏ ముఖం మీద ఉందో గుండుసూది ఆనించి తెలుసుకున్నారు. యాక్సిల్ నట్టు కొత్తది వేసి, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో బిగించారు. మొత్తం ఖర్చు తమరి పేరు చెప్పి కొన్న రెండు టైర్లలో ఒకదాని ధర కూడా కాలేదని తెలియజేయడానికి చింతిస్తున్నాను.

ప్రస్తుతం తమరు నా బల్ల మీద, పాత వార్తాపత్రిక పరుచుకుని కూర్చున్నారు. మా బావమరిది వచ్చినప్పుడు తమరిని చేతికిచ్చి తిప్పించాను. "అబ్బ, బాగా గరగరలాడుతోంది బావా, ఇంతకాలం ఎలా నడిపావు?" అన్నాడు.

ఇట్లు,
తమరి భూతపూర్వ భారవాహి

తా.క. తమరి ఎడమవైపు సోదరుడు గారు కూడా అదే వరదలో, అంతే లోతున, తమరితో సమానంగా నిలబడ్డవారే. వారింకా ఏమీ పలకలేదు. రేడియో కట్టేశానని వారికి తెలియజేయగలరు.