లండన్ లాడ్జిలో విదేశీ సాయం

బ్రిటన్ ప్రభుత్వ దానగుణాన్ని శంకించేవాళ్ల కళ్లు పోతాయి. 2022లో కరెంటు, గ్యాసు బిల్లులు చూసి సొంత జనమే ఇంట్లో స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుంటున్న రోజుల్లో కూడా ఆ దేశం విదేశీ సాయం కింద దాదాపు 1,280 కోట్ల పౌండ్లు ఖర్చుపెట్టింది. అందులో సుమారు 370 కోట్లు, అంటే రూపాయికి పావలా పైచిలుకు, ఎక్కడ ఖర్చయిందో తెలుసా? బ్రిటన్‌లోనే.

శరణు కోరి వచ్చినవాళ్ల తిండికీ, బసకీ, ఇతర అవసరాలకీ అయిన ఖర్చది. హోం శాఖ హోటళ్లకు హోటళ్లే బుక్ చేసి, ఆ బిల్లుల్ని పేద దేశాలకిచ్చే సాయం ఖాతాలో రాసింది. తప్పేం లేదు. శరణార్థి మీద మొదటి ఏడాది పెట్టే ఖర్చును సాయంగా చూపించుకోవచ్చని ధనిక దేశాల కూటమి ఓఈసీడీ రూల్సే చెబుతున్నాయి. రూల్సు రాసుకున్నదీ దాతలే కదా.

ఆ హోటల్‌ని ఒక్కసారి ఊహించుకోండి. పొద్దున్నే గదిలో కెటిల్ ఆన్ చేశారా, ఆఫ్రికా అభివృద్ధి మొదలైనట్టే. దిండు గలీబు మారిస్తే పేదరిక నిర్మూలన. లిఫ్టు చెడిపోతే మానవాళి పురోగతి రెండో అంతస్తులో ఇరుక్కుంటుంది, మెకానిక్ వచ్చి విడిపించాలి. కారిడార్లో ట్యూబ్‌లైటు వెలిగిందంటే దక్షిణ సూడాన్‌లో ఏదో బడి వెలిగినట్టే లెక్క. హోటల్ ఓనరుగారు మాత్రం తాను అంతర్జాతీయ సేవలో ఉన్న సంగతే తెలియక, జీఎస్టీ లాంటి పన్నులన్నీ కలిపి నెలనెలా బిల్లు వేస్తుంటాడు, మహానుభావుడు. ఏడాది నిండిన మర్నాడు అదే మనిషి, అదే దిండు, అదే గలీబు. కానీ అభివృద్ధి ఠక్కున ఆగిపోతుంది. ఇక అది ఉత్త లాడ్జి ఖర్చు.

ఇంతకీ ఆ గదిలో మనిషి సంగతో? కేసు తేలేదాకా సాధారణంగా పని చేసుకోనివ్వరు. హోటల్లోనే తిండి పెడుతున్నారు కాబట్టి చేతికిచ్చేది వారానికి పది పౌండ్లు కూడా ఉండదు. కోట్ల సాయం అందుకుంటున్న ఆ అదృష్టవంతుడికి ఫోన్ రీఛార్జి గగనం.

మనకిది కొత్తేం కాదు లెండి. 2000 తర్వాతి తొలి ఏళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థల్ని ఎలా అమ్మాలో, ఎలా మూసేయాలో చెప్పడానికి ఆడం స్మిత్ పేరు పెట్టుకున్న కన్సల్టెంట్లు లండన్ నుంచి దిగారు. ఖర్చు బ్రిటన్ సాయం డబ్బుల్లోంచే. సాయం మనకు, ఫీజు వాళ్లకు.

జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇస్తామని 2015లో ఏకంగా చట్టమే చేశారు. తప్పితే శిక్షేమిటనుకున్నారు? ఎందుకు తప్పిందో మంత్రిగారు పార్లమెంటుకు ఒక కాగితం రాసివ్వాలి. అంతే. 2020 నవంబర్‌లో అప్పటి ఆర్థిక మంత్రి రిషి సునాక్ తాత్కాలికమంటూ దాన్ని 0.5కి కోశారు. 2025 ఫిబ్రవరిలో ప్రధాని స్టార్మర్, 2027 నాటికి 0.3 చాలన్నారు. మిగిలింది రక్షణ ఖర్చులకట. అభివృద్ధి శాఖ చూసే అనెలీస్ డాడ్స్ రాజీనామా చేశారు. ఆవిడకైనా సిగ్గనిపించింది.

కష్టకాలంలో ఖర్చు తగ్గించుకోవడం తప్పా అని అడుగుతారు. తగ్గించుకోండి, ఎవరొద్దన్నారు? తగ్గించామని నోరు తెరిచి చెప్పండి. కానీ 2021లో మీ కత్తెర ఎక్కడ పడింది? పేద దేశాలకు గర్భనిరోధకాలూ కాన్పు మందులూ పంపే ఐక్యరాజ్యసమితి జనాభా నిధి కార్యక్రమానికి 15.4 కోట్ల పౌండ్లు ఇవ్వాల్సింది 2.3 కోట్లకు దించారు. నూటికి 85 కోత! యెమెన్‌లో పిల్లలు ఆకలికి మాడుతుంటే అక్కడికిచ్చేదీ దాదాపు సగం చేశారు. కాన్పులో రక్తం ఆగక చచ్చిపోయే తల్లులకు లండన్‌లో ఓట్లు లేవు కాబట్టి వాళ్ల మందుల మీద పడ్డారు. మరుసటేడు అదే ఖాతాలోంచి హోటల్ బిల్లులు కట్టి, అదీ ఆ తల్లుల దేశాలకిచ్చినట్టే రాసుకున్నారు. దొంగలెక్క ఇది! అనాథల పేరు చెప్పి చందాలు పోగేసి, ఆ డబ్బుతో సొంతూళ్లో లాడ్జి అద్దె కట్టే సంస్థ ఏదైనా ఉంటే దాని ఆఫీసుకి ముందు పోలీసులొస్తారు. వీళ్లకి మాత్రం కాగితం రాసిస్తే సరిపోతుంది.