సవరణ: ఆ 47 శాతం లెక్క

యంత్రాలు, ఉద్యోగాల గురించిన ముందు పోస్టులో ‘ఇరవై ఏళ్లలో 47 శాతం ఉద్యోగాలు పోతాయి’ అన్న వాక్యాన్ని ఇలా చదువుకోండి: ‘అమెరికాలో 47 శాతం ఉద్యోగాలు, యంత్రాలకు అప్పగించే వీలు ఎక్కువగా ఉన్న వృత్తుల్లో ఉన్నాయి.’

తేడా చిన్నదేం కాదు. 2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రే, ఆస్బోర్న్ 702 వృత్తులను చూసి వేసిన అంచనా అది. సాంకేతికంగా వీలవుతుందా అన్నదే వాళ్ల ప్రశ్న. నిజంగా ఎన్ని పోతాయో వాళ్లు లెక్కగట్టలేదు. మన దేశం అందులో లేనే లేదు.

2016లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) కోసం చేసిన మరో అధ్యయనం, ఒక్కో ఉద్యోగంలో ఉండే పనులను విడివిడిగా చూసింది. అలా చూస్తే, యంత్రాలకు అప్పగించే వీలు ఎక్కువగా ఉన్న ఉద్యోగాలు 21 దేశాల సగటున 9 శాతమేనని తేలింది. ఖాతాలు రాసే గుమాస్తా అంకెలు కూడి ఊరుకోడు కదా. బాకీదారుతో మాట్లాడతాడు, లెక్క తేడా వస్తే ఆరా తీస్తాడు.

ఆ 47ను చూపించి ‘పిల్లల్ని ఏ కోర్సులో చేర్చాలి’ అని అడిగినవాళ్లకు: దానికి ఆ అంకె జవాబివ్వదు. పైగా సృజన కావాల్సిన పనులు యంత్రానికి అంత త్వరగా అందవని 2013 నాటి అంచనా. అడిగితే కథలు, కవితలు కూడా రాసిచ్చే చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబరులో, అంటే ఆ అంచనా వేసిన చాలా ఏళ్లకు.