చాక్లెట్ రంగు తోలు బూట్లకు చార్జి మెమో

గౌరవనీయులైన కుడి బూటు, ఎడమ బూటు గార్లకు,

విషయం: మే, జూన్ నెలల్లో జరిగిన యూరప్ పర్యటనలో తమ ప్రవర్తన గురించి.

ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ ఆఫీసులో మెమోలు రాసిన చెయ్యి ఇది. రిటైరై రెండేళ్లయినా దురద తీరలేదు. ఇంట్లో ఎవరికైనా ఇద్దామంటే మా ఆవిడ ఒక్కతే ఉంది. ఆమెకు ఒకటిస్తే నాకు నాలుగు తిరిగొస్తాయి. అందుకని సజ్జ మీద అట్టపెట్టెలో, పల్చటి కాగితం కప్పుకుని హాయిగా పడుకున్న మీకు రాస్తున్నాను. నా మడమలు ఇంకా మానలేదు. మీ మీద మాత్రం చిన్న గీత కూడా లేదు. ఫైలు ఇక్కడి నుంచే మొదలు.

మీరు మా ఇంటికి ఎట్లా వచ్చారో ముందు రికార్డులో పెడతాను. మావాడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తాడు. ఒక్కసారి వచ్చిపోండని మూడేళ్ల నుంచి పోరు. వీసా కాగితాలు, 30,000 యూరోల బీమా, రానూపోనూ టికెట్లు అన్నీ వాడే చూసుకున్నాడు. నాకు మాత్రం ఫోన్లో ఒక్కటే షరతు పెట్టాడు. "నాయినా, లుంగీ తేవద్దు. చెప్పులతోని విమానం ఎక్కద్దు."

దానికి తోడు మా బామ్మర్ది. దుబాయిలో నాలుగు రోజులుండి వచ్చినప్పటి నుంచి ఆయన మా చుట్టాలందరికీ విదేశాంగ మంత్రి. "ఫారిన్ల ముందుగాల మన కాళ్లే చూస్తరు బావా. కాళ్లు చూసినంకనే మొకం చూస్తరు" అన్నాడు. దగ్గరుండి నన్ను మా నల్గొండ ప్రకాశం బజారుకు తీసుకుపోయాడు. షాపు పేరెందుకులెండి, మీకు తెలిసిందే. నా పాదం తొమ్మిదో నంబరు. మీరు ఎనిమిది. ఆ రంగులో ఎనిమిదే మిగిలింది. షాపతను మిమ్మల్ని అటూ ఇటూ వంచి చూపించి, "తోలు కద సార్, వేసుకుంటుంటే సాగుతది" అన్నాడు. బామ్మర్ది తలూపాడు. నేను నాలుగు వేల రెండొందలు కట్టాను. టైము పొద్దున పదకొండు. పాదం పొద్దున ఉన్నంత సాయంత్రం ఉండదని, నడిచినకొద్దీ ఉబ్బుతుందని, అందుకే బూట్లు సాయంత్రం కొనాలని తర్వాత ఎవరో చెప్పారు. కొన్నాక చెప్పేవాళ్లకు మన ఊర్లో ఎప్పుడూ కరువు లేదు.

ఇక సామాన్ల తూకం. పెట్టె ఇంత బరువు దాటొద్దని విమానంవాళ్ల రూలు. మా ఆవిడ చేసిన నాటుకోడి పచ్చడి, ఇంట్లో కాచిన నెయ్యి పెట్టెలోకి పోకముందే ఆగిపోయాయి. బయటి దేశాలనుంచి మాంసం, పాల సరుకు యూరప్ దేశాల్లోకి తేనివ్వరని మావాడు చెప్పాడు. ఆమె ఆ డబ్బా పక్కింటికి ఇచ్చేటప్పుడు ముఖం చూడాలి, బిడ్డను అత్తగారింటికి పంపినట్టు పంపింది. మామిడి తొక్కు, సకినాలు, కారప్పూస మాత్రం ఎక్కాయి. మిమ్మల్ని తూకం వేస్తే కిలో మూడొందల గ్రాములు. బరువైనవి ఒంటి మీద వేసుకుంటే లెక్కలోకి రావట కదా! ఆ విధంగా తొక్కు పెట్టెలో సుఖంగా పడుకుంది, మీరు నా కాళ్లకు ఎక్కారు.

శంషాబాద్‌లో తనిఖీ యంత్రం మిమ్మల్ని చూడగానే కూసింది. మీ అడుగున ఇనుప రేకు ఉందని నాకు అప్పుడే తెలిసింది. నా వెనక నలభై మంది, ముందు నేను ఒంటికాలి మీద. అక్కడితో ఆగితే క్షమించేవాణ్ని. విమానంలో గంటల తరబడి కాళ్లు వేలాడేసి కూర్చుంటే నెత్తురు కిందికి దిగి పాదాలు ఉబ్బుతాయి. అప్పుడప్పుడు లేచి నాలుగడుగులు వేయాలి. నేను లేవలేదు, కిటికీ పక్క సీటు వదలబుద్ధి కాలేదు. మిమ్మల్ని విప్పి సీటు కింద పెట్టి పడుకున్నాను. దోహాలో దిగేటప్పుడు చూస్తే ఎనిమిదో నంబరు బూటు ముందు పదో నంబరు పాదం. మా దగ్గరి చెర్వుగట్టు శివుడి గుట్ట మీద మూడు గుండ్ల సందులోంచి ఈ పొట్టతోనే దూరి బయటపడ్డవాణ్ని, మీలోకి కాలు దూర్చలేకపోయాను. భోజనంతో ఇచ్చిన చెంచా కాడను మడమ వెనక పెట్టి, మా ఆవిడ నా భుజం పట్టుకుంటే, మొత్తానికి లోపలికి తోశాను. చెంచా వంగింది. మీరు వంగలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాస్‌పోర్టు చూసే అతను అద్దాల వెనక కూర్చుని ఉంటాడు. ఎన్ని రోజులుంటారు, ఎవరింట్లో ఉంటారు అని అడిగాడు, నా ముఖం చూశాడు, ముద్ర కొట్టాడు. కౌంటరు నా ఛాతీ దాకా ఉంది. మా బామ్మర్ది చెప్పిన కాళ్లు అతనికి కనపడే దారే లేదు.

అసలు దెబ్బ మర్నాడు పొద్దున తగిలింది. మావాడితో బజారుకు పోయాను. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారని శనివారమే కూరగాయలు తెచ్చుకుంటారు. సందంతా జనం. నేను బామ్మర్ది మాట ప్రకారం అందరి కాళ్లూ చూశాను. చెప్పులు! నా వయసువాళ్లు, నాకన్నా పెద్దవాళ్లు, మేజోళ్లు తొడిగి వాటి మీద రెండు పట్టీల చెప్పులు వేసుకుని హాయిగా తిరుగుతున్నారు. ఏం చెప్పులురా ఇవి అంటే బిర్కెన్‌స్టాక్ అన్నాడు. 1774 నుంచి ఆ ఇంటివాళ్లు చెప్పుల పనిలోనే ఉన్నారట. లోపల బెండు అడుగు, మనిషి పాదం ఎట్లా ఉంటే అట్లా కుదురుకుంటుంది. మా ఊర్లో ఏ పెద్దమనిషైనా అట్లాంటివి వేసుకుని పెళ్లికొస్తే కాలికి దెబ్బ తగిలిందా అని అడుగుతారు. ధర అడిగాను. మన లెక్కలో దగ్గర దగ్గర పది వేలు. నల్గొండలో నా పాత చెప్పుల ధర రెండొందల యాభై. నన్ను చెప్పులతో రావొద్దన్న కొడుకు నోరెత్తకుండా ఉల్లిగడ్డలు ఏరుకున్నాడు.

వాళ్ల ఇండ్లల్లో ఇంకో పద్ధతి. బూట్లతో లోపలికి పోరు. గడప దగ్గర విప్పి, మెత్తటి ఇంటి చెప్పులు వేసుకుంటారు. చుట్టాలకు కూడా వేరే జత పెడతారు. మావాడి పక్కింటి పెద్దావిడ టీకి పిలిస్తే పోయాం. ఆమె నాకు ఇచ్చిన ఇంటి చెప్పుల్లో కాలు పెట్టినప్పుడు నా నోట్లోంచి వచ్చిన శబ్దం విని, టీ ఇంకా తాగకముందే బాగుందంటున్నానని అనుకుంది.

ప్యారిస్ గురించి ఎక్కువ రాయను, రాస్తే బీపీ పెరుగుతుంది. ఈఫిల్ టవర్‌కు లిఫ్టు టికెట్టు కంటే మెట్ల టికెట్టు చవక. రెండో అంతస్తు దాకా 674 మెట్లు. చవక అన్న మాట వినగానే నేనే ముందుకురికాను, అందులో మీ తప్పు లేదు. మా ఊరి లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను. నూటయాభయ్యో మెట్టు దగ్గర కుడి మడమ మీద బొబ్బ లేచింది. మూడొందలకు అది పగిలింది. ఆ తర్వాతవి నేను లెక్కపెట్టలేదు. దిగాక మావాడు ఫోటో తీశాడు. టవరు కొస పడాలంటే నా కాళ్లు కోసెయ్యాల్సి వచ్చింది. ఇంటికొచ్చి నాలుగొందల ఫోటోలు తిరగేశాను. ఒక్కదాంట్లో కూడా మీరు లేరు. పళ్లు బిగబట్టుకున్న నా ముఖం మాత్రం అన్నిట్లో ఉంది.

మా ఆవిడ సంగతి కూడా చెప్పాలి. ఆమెకు ఎవరూ షరతులు పెట్టలేదు, పెట్టినా వినేది కాదు. నారాయణపేట నేత చీరలు నాలుగు, తెల్ల స్పోర్ట్స్ షూ ఒక జత. చీర కింద ఆ షూ ఏమిటే అంటే, "నడిచేది నా కాళ్లా, నీ కండ్లా?" అంది. రాత్రి ఉతికి బాత్రూములో ఆరేస్తే చీర తెల్లారేసరికి ఆరేది. ఆమె ముందు నడిచేది, మావాడు మధ్యలో, నేను మీతో పాటు చివర.

రోములో రాళ్ల వీధులు. సాంపియెత్రీని అంటారు, నల్లటి చిన్న చిన్న రాళ్లు పక్కపక్కన పొదిగి ఉంటాయి. ఒక్కటీ సమంగా ఉండదు. చెప్పుల్లేకుండా చెర్వుగట్టు గుట్ట ఎక్కినప్పుడు కూడా ఏ రాయీ నన్ను అట్లా పలకరించలేదు. ఒక మూలన నీళ్ల పంపు కనపడితే కూలబడ్డాను. ఆ పంపులను నాసోనే అంటారు, అంటే పెద్ద ముక్కు. 1874లో మొదలుపెట్టారు, ఊరంతా రెండు వేలకు పైనే ఉన్నాయి. కట్టేయకుండా పారుతూనే ఉంటాయి, ఎవరైనా తాగొచ్చు. ముక్కు కొసను వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి, దోసిలి పట్టకుండానే నోట్లో పడతాయి. అంత కాలి నొప్పిలోనూ నేను నాలుగుసార్లు తాగాను. ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయిన నడుములు చూస్తూ పెరిగిన జిల్లావాడికి వీధి పంపులో మంచినీళ్లు కనపడితే అడుగు ముందుకు పడదు. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరీ అనే పరిశోధన సంస్థవాళ్లు నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. ఆ పేరు టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. మా ఊరి పేరు నాకన్నా ముందే ఫారిన్ పోయింది, అదీ బూట్లు లేకుండా.

ఆ పంపు దగ్గరే మా ఆవిడ సంచి విప్పి, న్యూస్ పేపర్లో చుట్టిన పొట్లం నా ఒళ్లో పెట్టింది. నా పాత చెప్పులు! బొటనవేలి గుర్తు నల్లగా పడ్డ నా సొంత చెప్పులు. ఎప్పుడు పెట్టావే అంటే నల్గొండలోనే అంది. మరి ఇన్ని రోజులూ ఎందుకియ్యలేదే? "నువ్వు అడిగితివా? ఫోటోలన్ని దిగినంక ఇద్దామనుకున్న." మిమ్మల్ని విప్పి అదే పేపర్లో చుట్టి సంచిలో పడేశాను. ఆ తర్వాత జరిగింది మీరు చూడలేదు కాబట్టి చెప్తాను.

మధ్యాహ్నం సెయింట్ పీటర్స్ చర్చికి పోయాం. లోపలికి పోవాలంటే భుజాలు, మోకాళ్లు కనపడొద్దు. మా ఆవిడ చీర చూసి దారిచ్చారు. నా చెప్పుల వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. ఆగిపోయింది మావాడు. ఎండకు నిక్కరు వేసుకొచ్చాడు, మోకాళ్లు రెండూ బయట. మళ్లీ రూముకు పోయి రావాలంటే గంట పడుతుంది. మా ఆవిడ సంచిలో మళ్లీ చెయ్యి పెట్టింది. నేను రిటైరైనప్పుడు మా దగ్గరి నేతగాళ్ల ఊరు పుట్టపాక స్నేహితుడు కప్పిన తేలియా రుమాలు, ఎరుపు, నలుపు గళ్లది. ఆముదం కాయల బూడిద, నూనె పట్టించిన నూలుతో నేస్తారు, అందుకే ఆ పేరు. ఎండలో చల్లగా ఉంటుందని ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఓడల్లో పోయేది. 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రెండు రుమాళ్లు జతగా నేస్తారు కదా, మాది మధ్యలో కోయని జత. ఆమె దాన్ని కొడుకు నడుముకు చుట్టి, కుచ్చి లోపలికి దోపి, "ఇగ నడు" అంది.

లుంగీ తేవొద్దన్నవాడు లుంగీ కట్టుకుని, వంచిన తల ఎత్తకుండా లోపలికి పోయాడు. గుమ్మం దగ్గరున్నతను చిరునవ్వుతో దారిచ్చాడు. నేను ఆ రోజు తీసిన ఫోటో ఒక్కటే. అందులో వాడి కాళ్లు పూర్తిగా వచ్చేటట్టు చూసుకున్నాను. మా చుట్టాల గ్రూపులో పెట్టింది కూడా నేనే.

తిరుగు ప్రయాణంలో మీరు పెట్టెలో, మామిడి తొక్కు ఖాళీ చేసిన జాగాలో వచ్చారు. అందుకే మీకు ఇంకా మెంతుల వాసన.

ఇప్పుడు ఉత్తర్వులు. మీ సంజాయిషీ కోసం వారం చూశాను, రాలేదు. ఈలోపు మా బామ్మర్ది బిడ్డ లండన్లో చదువు పూర్తి చేసింది. వచ్చే నెల పట్టా ఇస్తారు, ఆయన పోతున్నాడు. కొత్తవి కొనడం దండగ, నీవి ఊరికే ఉన్నయి కద బావా అని నిన్న ఆదివారం వచ్చాడు. కాబట్టి మిమ్మల్ని ఇక్కడి విధుల నుంచి తప్పించి ఆయన పాదాలకు బదిలీ చేయడమైనది. ప్రయాణ భత్యం లేదు. ఆయన పాదం నా పాదం కన్నా ఒక నంబరు పెద్దది. నట్టింట్లో కూర్చుని తొడుక్కుంటుంటే మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకి పోయి చెంచా తెచ్చి ఇచ్చింది. లేచి రెండడుగులు వేశాడు. ముఖంలో రంగు మారింది.

"కొంచెం బిగువున్నట్టున్నయి బావా."

"తోలు కదా, వేసుకుంటుంటే సాగుతది" అన్నాను.

ఇట్లు,
మీ మాజీ పాదాలు,
నల్గొండ.

ప్రతి: గడప దగ్గరున్న పాత చెప్పులకు, సమాచార నిమిత్తం.