నూరేళ్లు నిండేదాకా ఆగాలా?

1969 జులైలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడిపై మోపిన తొలి అడుగును ప్రపంచం టీవీల్లో చూసిందంటే అది హనీసకిల్ క్రీక్ చలవ. ఆస్ట్రేలియా రాజధాని క్యాన్‌బెరాకు దక్షిణాన కొండల మధ్య ఉన్న ఆ ట్రాకింగ్ కేంద్రంలోని 26 మీటర్ల యాంటెన్నాయే ఆ దృశ్యాన్ని అందుకుంది. పేరు మాత్రం, కొద్ది నిమిషాల తర్వాత ప్రసారం అందుకున్న, అదే దేశంలోని పార్క్స్ రేడియో టెలిస్కోపుకే ఎక్కువగా దక్కింది!

1981లో హనీసకిల్ క్రీక్ కేంద్రం మూతపడింది. యాంటెన్నాను విప్పి దగ్గర్లోని టిడ్‌బిన్‌బిల్లా ట్రాకింగ్ కేంద్రానికి తరలించారు. అక్కడ 2009 దాకా పనిచేసింది కాబట్టే అది బతికిపోయింది. హనీసకిల్‌లో మిగిలిన దిక్కులేని భవనాలు ఆకతాయిల పాలై, చివరికి 1990ల తొలినాళ్లలో నేలమట్టమయ్యాయి. ఇవాళ అక్కడ ఉన్నవి కాంక్రీటు పునాదులు, సమాచార బోర్డులు. అదే దేశపు పడమటి తీరంలోని కార్నార్వన్ కొంత నయం. అక్కడి పాత ఉపగ్రహ భూకేంద్రం ఆవరణలో 2012లో అంతరిక్ష మ్యూజియం వెలిసింది. ఆర్మ్‌స్ట్రాంగ్‌తో పాటు చంద్రుడిపై నడిచిన బజ్ ఆల్డ్రినే వచ్చి ప్రారంభించారు.

కేరళలోని తుంబాలో మన తొలి రాకెట్ కేంద్రానికి ఆఫీసుగా పనిచేసిన మేరీ మాగ్దలీన్ చర్చిని మనవాళ్లు అంతరిక్ష మ్యూజియంగా చక్కగా కాపాడుకున్నారు. రాకెట్లకు దక్కిన ఈ ఆదరణ, సంకేతాలు అందుకున్న కేంద్రాలకూ దక్కాలి. హైదరాబాద్ శివారు షాద్‌నగర్ కేంద్రం 1979 నుంచి ఉపగ్రహ చిత్రాలను అందుకుంటోంది. 1975లో మన తొలి ఉపగ్రహం ఆర్యభట్ట సంకేతాలను శ్రీహరికోటలో విన్నారు. బెంగళూరులోనైతే ఏకంగా ఒక మరుగుదొడ్డినే డేటా కేంద్రంగా మార్చుకున్నారు. అంత పేదరికంలోంచి ఎదిగిన చరిత్ర మనది.

1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రాచీన కట్టడమంటే కనీసం వందేళ్ల వయసుండాలి. ఆ లెక్కన షాద్‌నగర్ 2079 దాకా ఆగాలి. తుప్పు అప్పటిదాకా ఆగదు. ప్రతి డిష్‌నూ దాచుకోవాలని మేం అనడం లేదు. పనికొచ్చే యాంటెన్నాను వేరేచోట వాడుకోవడమే మంచిది. కంట్రోల్ రూమ్, లాగ్‌బుక్కులు, పనిచేసినవారి జ్ఞాపకాలు మాత్రం స్థలంతో పాటు నిలవాలి. ఏ కేంద్రాన్నైనా మూసే ఉత్తర్వులోనే వాటి బాధ్యత ఎవరిదో, నిధులెక్కడివో ఇస్రో రాయాలి. వందేళ్ల నిబంధన నుంచి శాస్త్ర సాంకేతిక స్థలాలకు పార్లమెంటు మినహాయింపునివ్వాలి.