మా ఇంటి మీద మాత్రమే కురిసిన వాన

గాలి వేగం కొలిచే యంత్రాన్ని బిగించాలంటే గాలి లేని రోజు చూసుకోవాలి. గాలి ఎప్పుడు లేదో చెప్పాల్సిన యంత్రమేమో ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. నేను ఈ చిక్కుముడి దగ్గరే ఆగిపోయి ఉంటే మా పొగగొట్టానికీ నాకూ మధ్య ఇవాళ ఇన్ని మనస్పర్థలు ఉండేవి కావు.

పెట్టెలో ఉన్నది ఇంట్లో పెట్టుకునే బుల్లి వాతావరణ కేంద్రం. ఒకే ప్లాస్టిక్ చట్రం మీద గాలికి తిరిగే మూడు గిన్నెలు, దిక్కు చూపే తోక, వాన పట్టే గరాటు, బోర్లించిన సాసర్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గూట్లో ఉష్ణోగ్రత కొలిచే ముక్క. చూడముచ్చటగా ఉంది. దాంతో వచ్చిన కాగితం మాత్రం చదవకుండా ఉండాల్సింది. గాలిని కొలవాలంటే ఆరుబయట 10 మీటర్ల ఎత్తు కావాలట. ఉష్ణోగ్రతకైతే నేల నుంచి 1.25 మొదలు 2 మీటర్ల లోపు, గడ్డి మీద, గోడలకు దూరంగా. వానకైతే నేలకు దగ్గరగా, గాలి విసురు తగలని చోట. ముగ్గురికీ మూడు వేరు కాపురాలు కావాలి. తయారుచేసినవాళ్లేమో ముగ్గుర్నీ ఒకే చట్రానికి మరలు వేసి బిగించి, సర్దుకుపొమ్మని పంపేశారు.

తీర్పు చెప్పాల్సింది నేనే కాబట్టి గాలి పక్షం వహించాను. ఇందులో శాస్త్రం ఏమీ లేదు. నిలువెత్తు ఇనుప గొట్టం చేతిలో ఉంటే మనిషికి పైకే చూడాలనిపిస్తుంది, అంతే. మా ఇంట్లో అన్నిటికన్నా పైన ఉన్నది పొగగొట్టం.

"పొగ వచ్చేచోట థర్మామీటరా?" అంది మా ఆవిడ.

"పొగ పైకి పోతుంది. ఇది పక్కన ఉంటుంది."

ఆవిడ ఇంకేమీ అనలేదు. అనకపోవడాన్ని నేను ఒప్పుకోవడం కింద జమ వేసుకున్నాను. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ పద్దు నాకు ఎప్పుడూ తప్పుతూనే ఉంటుంది.

మొదట డ్రిల్లుతో నాలుగు బెజ్జాలు పొడిచి బోల్టులు దిగ్గొడదామనుకున్నాను. ముందుజాగ్రత్తగా ఇటుకల సందులో స్క్రూడ్రైవరు కొసతో గీకి చూస్తే సున్నం పిండిలా రాలింది. అలాంటి గోడలో లోపలికెళ్లి ఉబ్బే బోల్టు వేస్తే ఇటుకే పగులుతుంది. పైగా గొట్టం పైకొస గాలికి ఊగినప్పుడల్లా కింద బోల్టు దగ్గర గునపం పెట్టి పెకలించినట్టే. అందుకని పొగగొట్టం చుట్టూ స్టీలు పట్టీలు రెండు బిగించి, వాటికి గొట్టాన్ని కట్టే పద్ధతి ఎంచుకున్నాను. ఇంతవరకూ నేను చేసినవన్నీ తెలివైన పనులే. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఈ మాట అనే అవకాశం రాదు.

చుట్టుకొలత కోసం పైకెక్కడం ఎందుకని కింద నిలబడి ఇటుకలు లెక్కపెట్టి గుణించాను. పొగగొట్టాలకు మెడ దగ్గర రెండు వరసల ఇటుకలు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయన్న సంగతి పైకెక్కాకే తెలిసింది. పై పట్టీ కొసలు రెండూ ఆత్రంగా దగ్గరికొచ్చి, జానెడు దూరంలో ఆగిపోయాయి. చేసేదిలేక దాన్ని మెడ కిందికి దించి కట్టాం. పట్టీల మధ్య ఎంత ఎడం ఉంటే గొట్టం అంత గట్టిగా నిలుస్తుంది. మా రెండు పట్టీలూ బస్సులో ఒకే సీట్లో ఇరుక్కున్నవాళ్లలా తయారయ్యాయి.

కట్టాం అన్నాను కదా, రెండోవాడు మా బావమరిది. నడుముకు తాడు కట్టుకుని పొగగొట్టానికి అటువైపు వాడు, ఇటువైపు నిచ్చెన మీద నేను. ఒకరికొకరం కనిపించం. చుట్టగా వచ్చిన స్టీలు పట్టీకి జీవితాంతం చుట్టగానే ఉండాలని పట్టుదల. "బావా, వదులుతున్నా" అని వాడు అరిచేలోపే అది జర్రుమని వచ్చి, నా చెవి పక్కనుంచి గాలి కోసుకుంటూ పోయి, మళ్లీ చుట్టుకుని వాడి దగ్గరికే చేరింది. ఇలా నాలుగుసార్లు. ఐదోసారి దానికే జాలేసి లొంగింది.

ఇక నట్ల సంగతి. గొట్టాన్ని పట్టీకి బిగించే యూ-బోల్టులు రెండు, వాటికి నట్లు నాలుగు. జేబులో వేసుకుంటే తీయడం కష్టమని, పొగగొట్టం పై అంచునే బల్లగా చేసుకుని నాలుగింటినీ వరసగా పేర్చాను. పానా కోసం చెయ్యి చాపినప్పుడు మోచెయ్యి తగిలింది. ఆరు పలకల నట్టు దొర్లదని మనం అనుకుంటాం. దొర్లుతుంది. ఒక పలక మీద ఆగి, కాస్త ఆలోచించి, ఇంకో పలక మీదికి ఒరిగి, మళ్లీ ఆగి, ఏ తొందరా లేకుండా అంచుదాకా వెళ్లింది. అంతసేపూ నేను దాన్ని చూస్తూనే ఉన్నాను. ఒక చేత్తో నిచ్చెన, ఒక చేత్తో గొట్టం. నోటితో పట్టుకోవచ్చన్న ఆలోచన కూడా వచ్చింది. ఈలోపు అది పొగగొట్టం నోట్లోకి దూకింది.

టంగు. కాసేపు ఏమీ లేదు. టింగు. తర్వాత ఎక్కడో పాతాళంలోంచి మెత్తగా ఒక 'తప్పు'.

రెండు నిమిషాల్లో మా ఆవిడ వాకిట్లోకి వచ్చి పైకి చూసింది. పొయ్యి ముక్కు చీదినట్టుంది, ముఖం నిండా మసి, కళ్లు మాత్రం తెల్లగా.

"ఇంకా ఏమైనా పంపేది ఉందా, పొయ్యి తలుపు మూసెయ్యనా?"

"మూడు నట్లు చాలు బావా, నాలుగోది అందానికి ఇస్తారు" అన్నాడు బావమరిది పొగగొట్టం వెనకనుంచి. ఆ క్షణంలో నాకు అది ఇంజినీరింగు మాటలాగే వినిపించింది.

గొట్టం నిటారుగా ఉందో లేదో చూద్దామని రసమట్టం ఆనించాం. బుడగ ఒక మూలకు పోయి కూర్చుంది. పొగగొట్టానికి ఆనిస్తే అక్కడా అదే మూలకు పోయింది. ఇన్నేళ్లుగా పొగగొట్టం ఒక పక్కకు ఒరిగే ఉందన్నమాట, మేమే గమనించలేదు. దాన్ని నమ్ముకుని కట్టిన గొట్టం కూడా అటే ఒరిగింది. చెక్క ముక్కలు దూర్చి సర్దుతుంటే కిందనుంచి మా ఆవిడ "కొంచెం కుడికి" అంది. ఆవిడ కుడి ఒకటి, నా కుడి ఒకటి, వెనకవైపు ఉన్న తమ్ముడి కుడి మరొకటి. గొట్టం మూడు కుడులకూ తిరిగి మొదటికొచ్చాక ఆవిడే దిక్కులు మానేసి "పక్కింటివైపు", "చెట్టువైపు" అని చెప్పడం మొదలెట్టింది. పని అయిపోయింది.

ఉత్తరం పట్టుకోవడం అంతకన్నా కష్టమైంది. చట్రం మీద ఉన్న బాణం గుర్తు ఉత్తరానికి చూపించాలి. లేకపోతే గాలి ఎటునుంచి వీచినా దిక్కు తప్పుగానే పడుతుంది. ఫోన్లో దిక్సూచి తెరిచి బావమరిది చేతికిచ్చాను. వాడు ఉత్తరం అన్నచోటికి బాణం తిప్పాను. వాడు ఇంకో వైపు జరిగాడు. ఉత్తరమూ జరిగింది. వాడు పొగగొట్టానికి ఇటొస్తే ఉత్తరం ఇటొచ్చింది, అటెళితే అటెళ్లింది. భూమికి లేని అయస్కాంత శక్తి వీడికి ఎక్కడినుంచి వచ్చిందా అని చూస్తే, చొక్కా జేబులో మరలు అంటించుకునే అయస్కాంతపు పళ్లెం. దాన్ని కిందికి పంపాక చూస్తే ఇనుప గొట్టం పక్కన ముల్లు ఇంకో రకంగా తిక్కగా తిరిగింది. చివరికి పొద్దుపోయే దిక్కును బట్టి అంచనా వేసి బిగించాం. మనుషులు వేల ఏళ్లుగా చేస్తున్న పనికి నేను సగం రోజు ఖర్చుపెట్టాను.

యంత్రాన్ని పైకి తీసుకొచ్చేటప్పుడు గిన్నెలు గిర్రున తిరిగి మొహానికి తగులుతున్నాయని బావమరిది వాటికి ఏదో చేశాడు. ఏం చేశావని అడిగే తీరిక నాకు లేదు. పిడుగుల భయం తీరడానికి గొట్టం నుంచి నేలలోకి రాగితీగ మాత్రం పద్ధతిగా దించి, నిచ్చెన దిగాం.

సాయంత్రం ముగ్గురం హాల్లో, యంత్రం అంకెలు చూపించే తెర ముందు కూర్చున్నాం. కిటికీ తెరలు జెండాల్లా ఎగురుతున్నాయి. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. తెర మీద అంకెలు పడ్డాయి.

గాలి: 0. వాన: 4.6 మిల్లీమీటర్లు.

"రేపటి వాన ముందే చెబుతోందేమో బావా" అన్నాడు వాడు. వాడి నోట్లో నట్టు వేసి బిగించాలనిపించింది, కానీ నట్టు పొయ్యిలో ఉంది.

వాన సంగతి ఆ రాత్రే తేలింది. గరాటు కింద ఉండేది ఉయ్యాలబల్ల లాంటి జంట చెంచా. 0.2 మిల్లీమీటర్ల వాన పడగానే ఒకవైపు నిండి ఒరిగి, నీళ్లు పారబోసి, రెండోవైపు నోరు తెరుస్తుంది. యంత్రం లెక్కపెట్టేది ఆ ఒరుగుళ్లనే. నీళ్లు ఉన్నాయా లేదా అన్నది దానికి అనవసరం. నట్టు తక్కువైన గొట్టం, ఇరుకు పట్టీలు, పైన ఈదురుగాలి. మా చెంచా ఎండలో 23 సార్లు ఊగింది, మా ఇంటి మీద మాత్రమే 4.6 మిల్లీమీటర్ల వాన కురిసింది.

సరే, నిజం వాన పడితేనైనా నిజం చెబుతుందా అని పాత పుస్తకాలు తిరగేశాను. అదొక పొరపాటు. 1766 జూలై నుంచి ఏడాదిపాటు విలియం హెబర్డెన్ అనే లండన్ వైద్యుడు మూడు వర్షమాపకాలు పెట్టి చూశాడట. ఒకటి ఇంటి కప్పు కన్నా కిందుగా, ఒకటి అదే ఇంటి పొగగొట్టం కన్నా పైన, ఒకటి వెస్ట్‌మినిస్టర్ అబ్బే గోపురం మీద. కింద 22.6 అంగుళాలు పడితే పొగగొట్టం మీద 18.1, గోపురం మీద 12.1. పైకెళ్లేకొద్దీ వాన తగ్గడమేమిటో ఆయనకు అంతుబట్టలేదు, విద్యుత్తు మీద అనుమానపడ్డాడు. ఎత్తున వీచే గాలి మాపకానికి తగిలి సుడి తిరిగి చినుకుల్ని అవతలికి విసిరేస్తుందని 1861లో జెవన్స్ అనే ఇంగ్లండు పండితుడు తేల్చాడు. అంటే వర్షమాపకం పొగగొట్టం మీద పెడితే ఏమవుతుందో రెండున్నర శతాబ్దాల కిందటే ఒకరు చేసి చూసి, అంకెలతో సహా రాసిపెట్టారు. బూడిద జల్లెడ పడుతూ ఇదంతా మా ఆవిడకు చెప్పాను.

"ఆయన భార్య కూడా చెప్పే ఉంటుంది" అంది.

మూడో జల్లెడకు నట్టు దొరికింది. మళ్లీ పైకెక్కడానికి గాలి లేని రోజు కావాలి. ఈసారి అదృష్టం, చెప్పడానికి యంత్రం ఉంది. నాలుగు రోజులుగా సున్నా మీద నుంచి కదల్లేదు. ఇంతకన్నా మంచి ముహూర్తం ఉండదని నిచ్చెన వేసి ఎక్కాను. కప్పు దాటగానే చొక్కా బుడగలా ఉబ్బి, టోపీ చెట్టువైపు ఎగిరిపోయింది. రెండు చేతులా పొగగొట్టాన్ని కావలించుకున్నాను.

"ఏవండీ, సున్నానే ఉంది ఇక్కడ" అంది మా ఆవిడ కిందనుంచి తెర చూస్తూ. "మీరెందుకలా ఊగుతున్నారు?"

తలెత్తి చూశాను. మూడు గిన్నెల్నీ గొట్టానికి కలిపి, రెండు మెలికలు వేసి, పచ్చరంగు రబ్బరు బ్యాండు. ఎంత పొందికగా వేశాడంటే దాన్ని తీయడానికే మనసొప్పలేదు. తెంపగానే గిన్నెలు జడుసుకున్నట్టు తిరిగాయి.

"పద్నాలుగు... ఇరవై రెండు... ముప్పై ఒకటి... మీరు దిగండి" అంది.

నట్టు బిగించే దిగాను. దాంతో అబద్ధపు వాన ఆగింది, గాలి కదిలింది. మిగిలింది ఉష్ణోగ్రత ఒక్కటే. అది ఎక్కడికీ పోదు. పొయ్యి రాజేసిన పావుగంటకల్లా పైన అంకె 24 నుంచి 39కి ఎగబాకుతుంది, ఆరిపోతే దిగుతుంది. ఊళ్లో ఎండ ఎంతో తెలుసుకోవాలంటే నేను ఇప్పటికీ పక్కింటివాళ్లనే అడుగుతున్నాను. ఇన్ని పాట్లు పడి బిగించిన యంత్రం ఎవరికీ పనికిరాకుండా పోతోందన్న దిగులు మాత్రం మొన్నటితో తీరింది.

మొన్న మధ్యాహ్నం పొయ్యి మీద నీళ్లు పెట్టి, అవి కాగేలోపు వద్దామని చిన్న పని మీద బయటికెళ్లాను. అరగంటకు మా ఆవిడ తన ఆఫీసు నుంచి ఫోను చేసింది.

"ఏవండీ, ఎక్కడున్నారు?"

"ఇంట్లోనే" అన్నాను.

"పైన నలభై మూడు చూపిస్తోంది. వెళ్లి పొయ్యి ఆర్పండి."