బాక్టీరియాకు తడి, గాలి కూడా కావాలి

డీజిల్ ఇంకిన నేల శుభ్రపడటానికి దానిపై బాక్టీరియా పొడి చల్లితే సరిపోతుందని ఒక వ్యాసంలో చదివిన మాటను, అనంతపురం వంటి కరవు జిల్లాలో సేద్యం చేసేవాడిగా, నేను పూర్తిగా అంగీకరించలేను. మా బావి గట్టున ఆయిల్ ఇంజిన్ ఉన్న చోట మట్టి నల్లగా గట్టిపడి, నీళ్లు పోస్తే ఇంకకుండా పక్కకు జారిపోయేది. చమురును తినే సూడోమోనాస్ వంటి సూక్ష్మజీవులు చాలా నేలల్లో ముందే ఉంటాయి. వాటికి అందవలసినవి తేమ, ఆక్సిజన్, నత్రజని, భాస్వరం. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి ముడి చమురు ఒలికి అలాస్కా తీరం పాడైనప్పుడు, అక్కడి సూక్ష్మజీవులు పెరగడానికి ఎరువులనే చల్లారు. మేమూ ఆ మట్టిని తవ్వి గుల్లచేసి, దిబ్బ ఎరువు కలిపి, వారానికి రెండుసార్లు తడిపి తిరగేశాము. రెండో వానాకాలానికి గరిక మొలిచింది. అయితే పెట్రోలు భూగర్భ జలం దాకా దిగినచోట ఇది చాలదు. బోరు నీళ్లు తాగే ఊళ్లలో ముందుగా ఆ నీటిని పరీక్షించాలి.